టెక్ సందేహాలు: లింక్డ్‌ఇన్‌లో పేజీ ఉంది, ఎంక్వయిరీలే లేవు

ప్రశ్న: హైదరాబాద్ బాలానగర్‌లో మాకు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే యంత్రాల) జాబ్ వర్క్ యూనిట్ ఉంది. తొమ్మిది మంది పనిచేస్తారు. ఎక్కువగా ఫార్మా యంత్రాలకు స్టీల్ విడిభాగాలు చేస్తాం. ఏడాది కిందట మా మేనల్లుడు లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేజీ పెట్టాడు. 140 మంది ఫాలోవర్లు ఉన్నారు. ఇప్పటిదాకా ఒక్క ఎంక్వయిరీ రాలేదు. డబ్బు కట్టి ప్రీమియం తీసుకుంటే ఆర్డర్లు వస్తాయా?

జవాబు: ప్రీమియం సంగతి తర్వాత చూద్దాం. మీరు పంపిన లింకు తెరిచి పేజీ కింది దాకా చూశాను. సంక్రాంతి శుభాకాంక్షలు, ఉగాది శుభాకాంక్షలు, మేడే, దసరా, చివర్లో ఆయుధ పూజ. ఆ ఆయుధ పూజ ఫొటోలో మాత్రం బొట్లు పెట్టిన మెషీన్ వెనక మీ వర్క్‌షాప్ కాస్త కనిపించింది. ఏడాది మొత్తంలో కొనేవాడికి పనికొచ్చిన ఫొటో అదొక్కటే. ఫాలోవర్లలో సగం మంది చుట్టాలే అయి ఉంటారని నా అనుమానం. వాళ్లెవరూ మీకు షాఫ్టులు ఆర్డర్ ఇవ్వరు కదా!

అసలు ఇబ్బంది పేజీ మీదే ఆధారపడటం. కంపెనీ పేజీ ఎవరికీ కనెక్షన్ రిక్వెస్టు పంపలేదు. ఆ పని మనిషి ప్రొఫైల్‌తోనే అవుతుంది. కాబట్టి పేజీని అలాగే ఉంచి, మీ సొంత ప్రొఫైల్ మీద కూర్చోండి. అది మేనల్లుడికి అప్పజెప్పే పని కాదు. డ్రాయింగ్ చూసి ‘ఇది అవుతుంది, ఇది కాదు’ అని చెప్పగలిగేది మీరే.

మొదట పేరు కింద ఉండే హెడ్‌లైన్. 220 అక్షరాల దాకా రాసుకోవచ్చు. మీరు ‘మేనేజింగ్ పార్ట్‌నర్’ అని రాసి వదిలేశారు. మీరు ఎక్కడ కామెంట్ పెట్టినా, ఎవరికి రిక్వెస్టు పంపినా అవతలివాళ్లకు కనిపించేది ఫొటో, పేరు, ఈ లైను. ఫోన్‌లో అయితే అందులోనూ మొదటి ముక్కే. మీ హోదాతో పర్చేజ్ మేనేజర్‌కు పనిలేదు. ఇలా మార్చండి: ‘ఫార్మా మెషినరీకి ఎస్‌ఎస్ 316 విడిభాగాలు, సీఎన్‌సీ టర్నింగ్, మిల్లింగ్, బాలానగర్, హైదరాబాద్’. (ఎస్‌ఎస్ 316 అంటే స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఒక గ్రేడ్.) ఈ హెడ్‌లైన్‌ను ఇంగ్లిష్‌లోనే రాయండి. యాప్‌ను తెలుగులో వాడుకోవచ్చు, అందులో తప్పేం లేదు. కానీ పర్చేజ్ వాళ్లు వెతికేది ఇంగ్లిష్ మాటలతో.

‘అబౌట్’ భాగానికి 2,600 అక్షరాలు ఇస్తారు. అన్నీ నింపక్కర్లేదు. తెరవగానే కనిపించేవి మొదటి రెండు మూడు లైన్లే కాబట్టి ‘1998లో స్థాపించిన మా సంస్థ నాణ్యతకు మారుపేరు’ లాంటివి తీసేయండి. ఎంత వ్యాసం దాకా టర్నింగ్ చేయగలరు, ఏ మెటీరియల్స్, కొలతలు దేంతో చెక్ చేస్తారు, మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్ ఇస్తారా, సాంపిల్ ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఫోన్ నంబరు. చాలు.

ఇక మనుషుల్ని వెతకడం. సెర్చ్‌లో ‘పర్చేజ్ మేనేజర్’ అని ఇంగ్లిష్‌లో కొటేషన్ గుర్తుల మధ్య కొట్టండి. పీపుల్ ట్యాబ్‌లో ఊరు, పరిశ్రమ ఫిల్టర్లు పెట్టండి. జీడిమెట్ల, పాశమైలారం పారిశ్రామికవాడల కంపెనీల వాళ్లు కుప్పలుగా వస్తారు. పర్చేజ్ ఒక్కటే కాదు, ‘మెయింటెనెన్స్ హెడ్’ అనీ వెతకండి. లైను ఆగిపోయి పార్టు అర్జెంటుగా కావాల్సి వచ్చినప్పుడు ముందు టెన్షన్ పడేది ఆయనే. ఉచిత ఖాతాలో ఇలాంటి వెతుకులాటకు నెలవారీ పరిమితి ఉంటుంది, ఒకటో తేదీకి మళ్లీ మొదలవుతుంది. అందుకని ఊరికే వెతుక్కుంటూ పోకుండా, దొరికిన పేర్లను ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి.

ప్రతి పేరు పక్కన ఫస్ట్, సెకండ్, థర్డ్ అని చిన్న గుర్తు ఉంటుంది. పెళ్లిలో కొత్తవాళ్లు కనిపిస్తే ‘మీరు ఎవరి తాలూకు?’ అని అడుగుతాం చూడండి, ఇదీ అదే లెక్క. సెకండ్ అంటే మీకూ ఆయనకూ మధ్య తెలిసిన మనిషి ఒకరున్నారని. ఆ మధ్యనున్న పేరు నొక్కి చూడండి. పాత కస్టమరో, టూల్స్ సప్లయరో అయితే ముందు ఆయనకు ఫోన్ చేయండి. ‘ఫలానా ఆయనకు రిక్వెస్టు పెడుతున్నా, మన గురించి ఒక మాట చెప్పండి’ అంటే చాలు. ఆ ఫోన్ కాల్ చేసే పని ఏ ప్రీమియమూ చేయదు.

రిక్వెస్టు ఒప్పుకున్నారా, అప్పుడు ఆగండి. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. ఒప్పుకున్న నిమిషంలో 12 పేజీల బ్రోచర్ పంపేస్తారు. అవతలాయన చూడడు, మిమ్మల్ని మ్యూట్‌లో పెడతాడు. నాలుగైదు రోజులు ఆగి, ఆయన పెట్టిన పోస్టు ఏదైనా ఉంటే చదివి, అప్పుడు ఇలా రాయండి:

‘సార్, నమస్తే. బాలానగర్‌లో మాది చిన్న సీఎన్‌సీ యూనిట్. టాబ్లెట్ ప్రెస్‌లకు, బ్లెండర్లకు 316 గ్రేడ్‌లో షాఫ్టులు, బుష్‌లు చేస్తాం. మీ దగ్గర అరిగిపోయి, బయటి నుంచి రావడం ఆలస్యమవుతున్న పార్టు ఏదైనా ఉంటే ఒకటి చేసి చూపిస్తాం. నచ్చితేనే మిగతా మాట.’

అంతే. ‘కొటేషన్ ఇవ్వమంటారా’ అని కూడా అడగలేదు, గమనించండి. ఒక్క పార్టు అంటే ఆయనకు పై నుంచి అనుమతులు పెద్దగా అక్కర్లేదు. వెండర్ రిజిస్ట్రేషన్ లాంటి తతంగం ఆ పార్టు నచ్చాక ఆయనే మొదలుపెడతాడు.

పోస్టుల విషయానికొస్తే, వారానికి ఒకటి చాలు. పండగ పోస్టర్ బదులు ఫోన్‌తో తీసిన ఫొటో పెట్టండి. పొడవాటి సన్న షాఫ్టు తిప్పుతుంటే మధ్యలో వణికి ఉపరితలం మీద గీతలు పడటం మీకు కొత్త కాదు. గీతలు పడ్డ ముక్క ఒకటి, స్టెడీ రెస్ట్ (షాఫ్టు వణక్కుండా మధ్యలో పట్టి ఉంచే ఆధారం) పెట్టి మళ్లీ తిప్పాక నునుపుగా వచ్చిన ముక్క ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టి నాలుగు లైన్లు రాయండి. ఆ కష్టం తెలిసినవాడు ఆ ఫొటో దగ్గర ఆగి తీరతాడు. ఒక్క జాగ్రత్త: కస్టమర్ ఇచ్చిన డ్రాయింగ్‌తో చేసిన పార్టును వాళ్ల అనుమతి లేకుండా పెట్టకండి. చాలా కంపెనీలు గోప్యత ఒప్పందం మీద సంతకం చేయించుకుంటాయి. మీ దగ్గర మిగిలిన స్క్రాప్ రాడ్డు మీద చేసి చూపించినా పనవుతుంది.

ప్రీమియం ఇప్పుడొద్దు. అందులో పరిచయం లేనివాళ్లకు నేరుగా రాసే ఇన్‌మెయిల్స్ కొన్ని వస్తాయి. 90 రోజుల్లోపు జవాబొస్తే ఆ క్రెడిట్ మీ ఖాతాకు తిరిగి జమవుతుంది. మంచి సదుపాయమే. కానీ పైన చెప్పిన హెడ్‌లైన్ మారకుండా ఇన్‌మెయిల్ పంపితే ఆ డబ్బు బూడిదలో పోసినట్టే. సేల్స్ నావిగేటర్ అనే ఖరీదైన ప్లాన్, రోజంతా ఇదే పని చేసే సేల్స్ మనిషిని పెట్టుకున్నప్పుడు ఆలోచించండి.

ప్రశ్న: విజయవాడలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతాను. రిక్వెస్టులు, మెసేజ్‌లు వాటంతటవే వెళ్లే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ కొన్నాను. పది రోజులకు నా లింక్డ్‌ఇన్ ఖాతాకు ఆంక్షలు పెట్టారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఎక్స్‌టెన్షన్ తీసేయండి. పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి. ఎందుకంటే ఆ టూల్ మీ లాగిన్‌నే వాడుకుంటోంది. తర్వాత గుర్తింపు పత్రం అడిగితే ఇచ్చి అప్పీల్ చేసుకోండి. బాట్లు, ఆటోమేషన్ టూల్స్ వాడకూడదని లింక్డ్‌ఇన్ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి వాళ్లతో వాదించి లాభం లేదు, ఇకపై వాడనని చెప్పడమే మేలు. ఖాతా తిరిగొచ్చాక, జవాబు లేక పడి ఉన్న పాత రిక్వెస్టులు వెనక్కి తీసుకోండి. ఒకసారి వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మూడు వారాల దాకా మళ్లీ పంపలేరు. అది గుర్తుంచుకోండి.

ఈ టూల్స్‌తో తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మనలో చాలామంది ఇంటిపేరు మొదట రాస్తారు. ‘ఫస్ట్ నేమ్’ అని ఉన్నచోట ఇంటిపేరో, దాని పొడి అక్షరమో పెడతారు. టూల్‌కు ఇదంతా ఏం తెలుసు? నాకే ‘హాయ్ కె, మీ ప్రొఫైల్ చూసి ఎంతో ముచ్చటేసింది’ అని ఒక మెసేజ్ వచ్చింది. కె అనేది మా ఇంటిపేరులో మొదటి అక్షరం. ఆ పంపినవాడి ముచ్చట ఎంతో అక్కడే తెలిసిపోయింది.

ప్రశ్న: గుంటూరు నుంచి ఎండుమిర్చి ఎగుమతి మొదలుపెట్టాలనుకుంటున్నాం. లింక్డ్‌ఇన్‌లో ప్రకటనలు ఇస్తే విదేశీ బయ్యర్లు దొరుకుతారా? ఈలోగా ‘పెద్ద ఆర్డర్ ఉంది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అని ఒకరు మెసేజ్ చేశారు.

జవాబు: ఫీజు కట్టమన్నవాడు బయ్యర్ కాదు. కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు, మీ దగ్గర తీసుకోడు. అతని ప్రొఫైల్‌లో ‘అబౌట్ దిస్ ప్రొఫైల్’ నొక్కితే ఖాతా ఏ నెలలో తెరిచారో, వివరాలు ఏవైనా ధ్రువీకరించుకున్నారో లేదో తెలుస్తుంది. పోయిన నెల తెరిచిన ఖాతాలో ఇరవై ఏళ్ల అనుభవం కనిపిస్తే బ్లాక్ చేసి మీ పని చూసుకోండి.

ప్రకటనలకు రోజుకు కనీసం 10 డాలర్లు పెట్టాలి. లీడ్ ఫారం, అంటే ఆసక్తి ఉన్నవాళ్లు తమ వివరాలు ఇచ్చే ఫారం, పెడితే అవతలి మనిషి వివరాలు ప్రొఫైల్ నుంచి వాటంతటవే నిండుతాయి. అదే దాని సుఖం, అదే దాని చిక్కు కూడా. ఒక్క నొక్కుతో పని అయిపోతుంది కాబట్టి ఊరికే నొక్కేవాళ్లూ ఉంటారు. వచ్చే మెయిల్ చాలాసార్లు ఆఫీసుది కాకుండా, ఎప్పుడో లింక్డ్‌ఇన్ ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన సొంత మెయిల్ అవుతుంది. కాబట్టి ‘నెలకు ఎన్ని టన్నులు కావాలి?’ లాంటి ప్రశ్న ఒకటి మీరే చేర్చండి. అది చేత్తో టైప్ చేయాలి, అక్కడే సగం మంది వెళ్లిపోతారు. ఫారంలో వచ్చిన వివరాలు 90 రోజుల్లోపు డౌన్‌లోడ్ చేసుకోవాలి.

కానీ ఎగుమతి ఇంకా మొదలే కాలేదంటున్నారు కాబట్టి, ఆ డబ్బుతో ముందు ల్యాబ్ రిపోర్టులు తెప్పించుకోండి. తేజ రకం మిర్చి అని ఊరికే రాస్తే విదేశీ బయ్యర్‌కు చాలదు. ఘాటు ఎన్ని ఎస్‌హెచ్‌యూ (ఘాటును కొలిచే స్కోవిల్ యూనిట్లు), రంగును కొలిచే ఆస్టా విలువ ఎంత, అఫ్లటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషపదార్థం) ఎంత, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగుతాడు. ఇవన్నీ ఉన్న ఒక్క పోస్టు పైన పిన్ చేసి పెట్టుకోండి.

ప్రశ్న: పోటీ కంపెనీ వాళ్ల ప్రొఫైళ్లు చూస్తే వాళ్లకు తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రైవేట్ మోడ్ పెట్టుకుంటే మీ పేరు కనిపించదు. ఉచిత ఖాతా అయితే మాత్రం మీ ప్రొఫైల్ ఎవరు చూశారన్నది మీకూ కనిపించదు. కొనే అవకాశమున్న మనిషి ప్రొఫైల్ చూసేటప్పుడు ఆ మోడ్ తీసేయండి, మీరు చూసినట్టు ఆయనకు తెలియనివ్వండి.