ఒగ్గు కథ నచ్చిందని ఎలా చెప్పాలి?

హాల్లో ఒగ్గు కథ పెట్టిస్తున్నాం, మధ్యలో చప్పట్లు కొడితే కథ చెప్పేవాళ్లకు అడ్డమా అని అడిగారు. నిక్షేపంగా కొట్టండి. కాకపోతే డోలు దరువు మీద మల్లన్న లాంటి దేవుళ్ల కథలు పాడి చెప్పే ఈ కళకు, మా జనగామ వైపు ఊళ్లలో చప్పట్ల కంటే ముందు వచ్చే మెచ్చుకోళ్లు చాలా ఉన్నాయి.

చుక్క సత్తయ్య గారిది మా జిల్లానే, 2017లో పోయారు. అలాంటి పెద్ద కథకుల కథ అంటే పక్క ఊళ్ల జనం కూడా చాపలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. రాత్రి డోలు మోగితే తెల్లారేదాకా కథే. నేను గమనించింది ఏంటంటే, అంతసేపూ కథకుడి చూపు ముందు కూర్చున్న ముసలమ్మల మీదే ఉంటుంది. మల్లన్న కథ వాళ్లకు కంఠతా వచ్చు. అయినా మల్లన్న భార్య మేడలమ్మ కష్టం దగ్గరికి వచ్చేసరికి కొంగుతో కళ్లొత్తుకుంటారు. అది చూసి ఆయన రాగం ఇంకాస్త సాగదీస్తాడు. ఆ తడి కనపడకపోతే రెండు మాటల్లో దాటేస్తాడు.

ఇక మల్లన్న పెండ్లి ఘట్టంలో వినేవాళ్లంతా పెండ్లివాళ్లే. కట్నాలు చదివిస్తారు. మా మేనత్త ఒకసారి కొంగుముడి విప్పి, మడతలు నలిగిన పది రూపాయల నోటు తీసి వంత పాడే ఆయనకిచ్చి, చెవిలో మనవడి పేరు చెప్పింది. కథకుడు డోలు ఆపించి, ఇంటిపేరుతో సహా ఆ పేరును రాగంలో కలిపి, పిల్లగాడు సల్లంగ ఉండాలని దీవించాడు. ఆమె ఆ రాత్రి మళ్లీ కునుకు తీయలేదు. నోటు పదిదైనా వందదైనా పేరు పలికే గొంతులో తేడా ఉండదు, ఉండకూడదు.

దరువు జోరందుకుంటే కుర్రాళ్లు ఈలలు వేస్తారు, లేచి అడుగులేస్తారు. వేయనివ్వండి. కానీ ఎవరికైనా శిగం వస్తే, అంటే దేవుడు పూనితే, ఈలలు, చప్పట్లు ఆపించండి, ఫోన్లు దించమనండి. అది దేవుడి పని, ఆటపాట కాదు.

ఈమధ్య కళాకారుల తల చుట్టూ నోట్లు తిప్పి విసురుతున్నారు. నాకది అస్సలు నచ్చదు. కింద పడ్డవి ఏరుకోవడానికి డోలు కొట్టే మనిషి వంగాలి. ఇచ్చేది చేతికివ్వండి.

మీ హాల్లో జనం వైపు లైట్లు మాత్రం ఆర్పకండి. మొహాలు కనపడకపోతే కథ ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తగ్గించాలో ఆయనకెలా తెలుస్తుంది? ముందు వరుస పెద్దవాళ్లకు వదలండి. చదివింపులకు ఒక మనిషిని పెట్టి పేరు, ఇంటిపేరు, ఊరు తెలుగులో చీటీ రాయించి, దరువు మారే చోట అందించమనండి. టైం చాలదని కథ కుదించమన్నా ఫరవాలేదు గానీ, పెండ్లి ఘట్టం తీసేయమని మాత్రం అడగకండి.