తలకు దెబ్బ తగిలాక మా వాడి తీరే మారిపోయింది

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు, స్కూలు కబడ్డీ జట్టులో రైడర్. మూడు వారాల కిందట ఆటలో అవతలి ఆటగాడి మోకాలు తలకు బలంగా తగిలింది. సీటీ స్కాన్ నార్మల్‌గానే వచ్చింది. కానీ అప్పటి నుంచి చిన్న మాటకే విసుక్కుంటున్నాడు, నిద్రపోవడం లేదు, ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్నాడు. భయపడుతున్నాడని పీఈటీ సార్ అంటున్నారు. ఇది మానసిక జబ్బా డాక్టర్ గారూ? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయిది పిరికితనం కాదు. మీరు రాసిన మార్పులన్నీ కంకషన్‌లో, అంటే కుదుపు వల్ల మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతిన్నప్పుడు, తరచూ కనిపించేవే. సీటీ స్కాన్‌లో రక్తస్రావం, ఎముక విరగడం వంటివి తెలుస్తాయి తప్ప ఈ పనితీరులోని తేడా కనిపించదు కాబట్టి, స్కాన్ బాగుందంటే గాయం లేదని అర్థం కాదు. దీనికితోడు ఆట ఆగిపోయింది, జట్టులో చోటు పోతుందన్న దిగులు ఉంటుంది. ఇంతకుముందే ఆందోళన, కుంగుబాటు ఉన్న పిల్లలు కోలుకోవడానికి మరింత సమయం పట్టవచ్చు.

మన స్కూళ్లలో తల దెబ్బల గురించి చెప్పేటప్పుడు వాంతులు, స్పృహ తప్పడం దగ్గరే ఆగిపోతున్నారు. కోపం, దిగులు, నిద్రలేమి కూడా ఆ గాయంలో భాగమేనని సీజన్ మొదలయ్యే ముందే పిల్లలకు చెబితే, వాటిని దాచుకోవలసిన అవసరం వారికి ఉండదు. ‘తల నొప్పిగా ఉందా?’ అని అడిగితే ‘ఏం లేదు సార్’ అనే పిల్లవాడే, ‘గ్రౌండ్‌కు వెళ్లాలనిపిస్తోందా?’ అని అడగగానే తల దించుకోవడం నేను చూశాను.

పూర్తి విశ్రాంతి మొదటి 24–48 గంటలకే పరిమితం. ఆ తర్వాత వారాల తరబడి గదిలో ఉంచితే దిగులు పెరుగుతుంది. బాధ ఎక్కువ కానంత మేరకు నడవనివ్వండి. ముందు చదువు, తర్వాతే ఆట. ఆటలోకి ఒక్కో దశకు కనీసం 24 గంటల వ్యవధి ఇస్తూ మెల్లగా రావాలి. డాక్టర్ అనుమతించే వరకు కూతకు వెళ్లనివ్వకండి.

మూడు వారాలైంది కాబట్టి ఈ వారమే న్యూరాలజిస్టుకు చూపించి, మనసులో మార్పుల గురించి కూడా వివరంగా చెప్పండి. అవసరమైతే వారే మానసిక వైద్యుల దగ్గరకు పంపుతారు. తలనొప్పి పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. చనిపోవాలనుందని అంటే ఒంటరిగా వదలకండి, అప్పుడూ ఆసుపత్రికే తీసుకెళ్లండి; ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వీలైతే పీఈటీ సార్‌ను కూడా డాక్టర్ దగ్గరకు వెంటబెట్టుకెళ్లండి.