ప్రేక్షకుడి తరఫున చూసేది ఎవరు: నాయకుడా, అతని వెంట ఉన్నవారా?

అనుభవజ్ఞురాలైన ఫోరెన్సిక్ డాక్టరు నాయికగా మీరు రాస్తున్న ధారావాహికలో ప్రేక్షకుడికి ప్రతినిధి ఆమేనా, ఆమె దగ్గర కొత్తగా చేరిన సహాయకుడా అని అడిగారు. ఆ కథాలోకం గురించి మనకు తెలిసినంతే తెలిసినవారు ఎవరో చూసుకుంటే మీ చిక్కు విడిపోతుందని నా నమ్మకం.

బీబీసీలో 1963 నవంబరు 23న మొదలైన 'డాక్టర్ హూ' అనే సైన్స్ ఫిక్షన్ ధారావాహిక తొలి భాగంలో, కాలంలో ప్రయాణించే నాయకుడైన 'డాక్టరు' కన్నా ముందు మనకు పరిచయమయ్యేది ఇయాన్, బార్బరా అనే ఇద్దరు టీచర్లు. తమ విద్యార్థిని సూసన్ తీరు అంతుపట్టక ఆమె చిరునామా పట్టుకుని వెళ్లిన వారు, పాత సామాన్ల మధ్య నిలబెట్టి ఉన్న పోలీసు పెట్టెలోకి (పోలీసులకు ఫోన్ చేయడానికి వీధుల్లో పెట్టే చిన్న బూత్) చొరబడితే, లోపల బయటికన్నా ఎన్నో రెట్లు పెద్ద గది కనబడుతుంది. వారు నిర్ఘాంతపోయిన క్షణమే మనమూ నిర్ఘాంతపోతాం. ఆ నాయకుడు డాక్టరుకు అది ఇల్లు. అందులో అతనికి ఆశ్చర్యమేముంటుంది?

అయితే ఇది తోడు పాత్రలకే దక్కే హక్కు కాదు. 2008లో మొదలైన అమెరికన్ ధారావాహిక 'బ్రేకింగ్ బ్యాడ్'లో మత్తుమందుల వ్యాపారం తెలిసినవాడు తోడు పాత్ర జెస్సీ; కెమిస్ట్రీ టీచరైన నాయకుడు వాల్టర్ మనలాగే ఆ లోకానికి కొత్తవాడు.

కాబట్టి మీ కథలో శవపరీక్ష గదిలోకి మొదట సహాయకుడినే అడుగు పెట్టనివ్వండి. కానీ అతన్ని దయచేసి తెలివితక్కువవాడిగా మాత్రం రాయకండి. అతను అడిగే ప్రశ్న ఇంట్లో కూర్చుని చూస్తున్న తెలివైన మనిషికి కూడా వచ్చేదై ఉండాలి.