కొమ్ము సంగతి ముందు, పెన్ను సంగతి తర్వాత

అమ్మలూ,

నువ్వు చిన్న లేత్ (ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్) కొంటున్నావని, టెక్సాస్‌లో మీ అన్నయ్య స్నేహితులకి వేట పెన్నులు, అదే కొమ్ముతో చేసి తుపాకీలా బోల్ట్ పెట్టినవి, చేసి పంపడానికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవిడ బెంగ కరెంటు బిల్లు గురించి. నా బెంగలు వేరు. సంతోషంగా కూడా ఉందిలే. నా లేత్ షాపుకొచ్చినప్పుడల్లా ఇత్తడి రజను ఏరి సీసాలో పోసుకున్న పిల్లవి, మిషన్ దగ్గరికి రాకుండా ఎక్కడికి పోతావు!

ముందు కొమ్ము సంగతి తేల్చు. అన్నయ్య జింక కొమ్ములు పార్సిల్ చేస్తానన్నాడట. వద్దని ఇవాళే చెప్పు. అక్కడి జింకలు ఏటా కొమ్ములు రాలుస్తాయి, జనం ఏరుకుంటారు, అమ్ముకుంటారు, వాటితో పెన్నులూ కత్తి పిడులూ చేస్తారు. అది అక్కడి పద్ధతి. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. దుప్పిదైనా కణుజుదైనా, అడవిలో దానంతటదే రాలిపడిందైనా, ఇంట్లో పెట్టుకోకూడదు. నీ దగ్గర దొరికితే అది సక్రమంగానే వచ్చిందని రుజువు చేసుకోవాల్సింది నువ్వే. ఎవరో తాతల నాటి బంగళా గోడ మీద కొమ్ములున్నాయి, చవగ్గా ఇస్తామంటారు. వాళ్ల దగ్గర సర్టిఫికెట్ ఉన్నా సరే, కొనకు. ఖాళీ తూటా గొట్టాలతో పెన్నులు చేయడం కూడా అక్కడ మామూలే. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం తూటా విడిభాగాలని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ జోలికి అసలు పోవద్దు. బోల్ట్ యాక్షన్ కిట్‌లో (తుపాకీ బోల్ట్‌లా కదిపితే మొన బయటికొచ్చే పెన్ను విడిభాగాల పొట్లం) వచ్చే తూటా ఆకారం ముక్క పెన్ను కోసమే చేసింది, అందులో ఎప్పుడూ మందు లేదు. అయినా తయారైన పెన్నులు చేతి సంచిలో పెట్టుకుని శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్లకు. స్కానర్‌లో ఆకారమే కనిపిస్తుంది, నీ వివరణ కనిపించదు.

కొమ్ము లేకపోతే వేట పెన్ను ఎలా అంటావేమో. బర్రె కొమ్ము ఉందిగా. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో ఊరు ఊరంతా కొమ్ముతో, ఎముకతో వస్తువులు చేస్తారు. కొమ్ము మొదట్లో డొల్ల, కొస మాత్రమే గట్టి. కాబట్టి కొసలే అడుగు, బిల్లుతో తీసుకో. జింక కొమ్ములా కనిపించే రెసిన్ కడ్డీలు కూడా దొరుకుతాయి, మొదటి పెన్నులకి అవే మేలు. చెక్కల్లో చింత చేవ, నల్ల తుమ్మ బాగుంటాయి. రెండూ బరువుగా, ముదురు రంగులో, తుపాకీ మడమ చెక్కలా నున్నగా తేలతాయి. టేకు సులువు, కానీ నూనె ఉంటుంది కాబట్టి జిగురు పెట్టేముందు అసిటోన్‌తో తుడవాలి. ఎర్రచందనం ముక్క ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకు. నల్లటి ఎబొనైట్ (గంధకంతో గట్టిపరిచిన రబ్బరు) కడ్డీని మాత్రం ఒకసారి తిప్పి చూడు. రాజమండ్రిలో రత్నం వాళ్లు 1932 నుంచి పెన్నులు చేస్తున్నారు. ఎబొనైట్ చెక్కితే గంధకం వాసన వస్తుంది, పొట్టు రిబ్బన్‌లా ఊడి వస్తుంది, చూస్తుంటే పని ఆపబుద్ధి కాదు.

రెండో భయం నీ జడ. నవ్వకు. చున్నీ, వేలాడే చెవిదిద్దులు, గాజులు, పొడుగు చేతుల కుర్తా, ఇవేవీ మిషన్ గదిలోకి రాకూడదు. జడ ముడి వేసి పైన టోపీ. గ్లవ్స్ కూడా వద్దు, తిరిగేదాని దగ్గర గ్లవ్ అంటే వేలు పట్టి ఇచ్చినట్టే. కళ్లద్దాలు చాలవు, ముఖం మొత్తం కప్పే షీల్డ్ పెట్టుకో. కొమ్ము దుమ్ము, రోజ్‌వుడ్ జాతి దుమ్ము ఊపిరితిత్తులకి మంచివి కావు. మెడికల్ షాపు మాస్కు సరిపోదు, ఫిల్టరు ఉన్న రెస్పిరేటర్ కొను. నాకు దగ్గు ఉంది కదా అని నువ్వు కూడా తెచ్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి, రంధ్రం వేయడం. ఇనుము మీద చెయ్యి తిరిగినవాళ్లు చెక్కకి వస్తే చేసే పాత తప్పు ఒకటుంది. బాలానగర్ ఫ్యాక్టరీల్లో మంచి టర్నర్లు (లేత్ పనివాళ్లు) కూడా ఇక్కడే పడతారు. నువ్వు నా షాపులో చూసిందే చేస్తావు కాబట్టి విడమరచి రాస్తున్నా.

ఇనుములో డ్రిల్ బిట్ వేడెక్కితే కూలెంట్ (చల్లబరిచే ద్రవం) పోస్తాం, ఆపకుండా తోస్తాం. చెక్కలో కూలెంట్ పోస్తే అది రంధ్రాల్లోకి ఇంకుతుంది. రంధ్రంలో దించే ఇత్తడి ట్యూబుకి (పెన్ను లోపలి గొట్టం) పెట్టే జిగురు ఆ చెక్కని అంటుకోదు. ఆ రోజు అంతా బాగానే కనిపిస్తుంది. పెన్ను మనిషి చేతికెళ్లాక నెలకో రెండు నెలలకో ట్యూబు లోపల తిరగడం మొదలవుతుంది. సరే, కూలెంట్ లేకుండా తోద్దామంటే, పొట్టు బిట్ గాడుల్లో కుక్కుకుపోతుంది, బయటికి రాదు, వేడి లోపలే ఉండిపోతుంది. చెక్కలో వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. అవి పాలిష్ దాకా కనపడవు. పాలిష్ వేశాక మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. కొమ్ముకి వేడి తగిలితే జుట్టు కాలిన వాసన వస్తుంది. వాసన వచ్చిందంటే అప్పటికే మెత్తబడి రంధ్రం పెద్దదైందని అర్థం.

కాబట్టి ఇలా చెయ్యి. బోల్ట్ యాక్షన్ కిట్‌కి 3/8 అంగుళం బిట్ అడుగుతారు. మన రాణిగంజ్ పనిముట్ల షాపుల్లో 9.5 మి.మీ. దొరుకుతుంది, తేడా లెక్కలోకి రాదు. షాపువాడు 10 ఇస్తే తీసుకోకు, జిగురు ఎంత పోసినా ట్యూబు నడుమకి రాదు. ఏ కిట్ అయినా వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) ట్యూబు కొలిచిన తర్వాతే బిట్ కొను. మొదట సెంటర్ డ్రిల్ అనే పొట్టి బిట్‌తో గుంట పెట్టు. లేకపోతే పొడుగు బిట్ చెక్క చార వెంబడి పక్కకి జారుతుంది. వేగం నిమిషానికి 500 చుట్లు, కొమ్ముకైతే ఇంకా తక్కువ. 5, 6 మి.మీ. లోపలికి తోసి బిట్‌ని పూర్తిగా బయటికి లాగు. మిషన్ ఆపి, గాడులు బ్రష్‌తో దులిపి, బిట్‌ని వేలి వెనకవైపుతో తాకి చూడు. వేలు నిలవకపోతే ఆగు, టీ తాగిరా. తొందరపడి ఒక ముక్క పాడుచేసుకోవడం కంటే అదే నయం.

అవతలివైపుకి బిట్ బయటపడేచోట చెక్క చిట్లి ఊడుతుంది. దానికి మందు ఏమిటంటే, ముక్కని ట్యూబు కన్నా 10 మి.మీ. పైన పొడుగు ఉంచి కోసుకో, రంధ్రం ట్యూబు పొడుగు దాటాక ఆపేయ్, మిగిలిన మూత భాగాన్ని రంపంతో కోసేయ్. చిట్లడానికి అవకాశమే ఉండదు.

ఇనుము అలవాటు ఇంకొకటి, బిగుతుగా దిగితేనే మంచి పని అనుకోవడం. ఇక్కడ కాదు. ట్యూబు వేలితో నెడితే సాఫీగా జారాలి. వానాకాలంలో కొన్న చెక్కలో తేమ ఉంటుంది, ఏప్రిల్ ఎండకి అది కుంచించుకుపోతుంది, ఇత్తడి మాత్రం లొంగదు. బిగుతుగా దిగినదే ముందు నిలువునా పగులుతుంది. అందుకే ముక్కలు కొన్నాక కొన్ని నెలలు అటకమీద ఆరనివ్వాలి. మార్చిలో కొన్నా సరే.

ట్యూబుని 150 గరుకు కాగితంతో గీతలు పడేలా రుద్దు. రెండు చివర్లూ ఆలుగడ్డ ముక్కలో గుచ్చితే లోపలికి జిగురు పోదు. అరల్డైట్ రంధ్రం లోపల, ట్యూబు మీద రెండుచోట్లా రాసి, తిప్పుతూ దించు, 24 గంటలు ముట్టుకోకు. ఫెవిక్విక్ లాంటిదైతే సగం దిగాక పట్టేస్తుంది, ఇక ముందుకీ వెనక్కీ రాదు. ఆలుగడ్డ మర్నాడు తీసేసి, లోపల ఏమైనా గట్టిపడి ఉంటే గుండ్రటి ఆకురాయితో గీకు. తర్వాత ట్రిమ్మర్‌తో చివర్లు చదును చెయ్యి, ఇత్తడి మెరవగానే ఆపు. ఇంకా కోస్తే ట్యూబు పొట్టిదవుతుంది, బోల్ట్ సరిగ్గా కూర్చోదు, రీఫిల్ మొన ఎక్కువగా బయటికి పొడుస్తుంది.

చెక్కడం నీకు నేర్పక్కర్లేదు. ముక్కని గుచ్చి తిప్పే కడ్డీ మాండ్రెల్; దానికి అవతలి చివర ఆనించే టెయిల్‌స్టాక్ ఎక్కువ బిగిస్తే కడ్డీ వంగి పెన్ను కోడిగుడ్డులా వస్తుంది, అంతే గుర్తుంచుకో. కొమ్ము కొస దగ్గర పదునైన స్క్యూతో (ఏటవాలు అంచు ఉలి) సన్నగా తీయి, లేకపోతే పెచ్చులు లేస్తాయి.

గరుకు కాగితం 180, 240, 320, 400, 600. ప్రతి దశ చివర మిషన్ ఆపి నిలువుగా రుద్దు. పాలిష్‌కి పల్చటి సూపర్ గ్లూ ఆరేడు పూతలు. పూత వేయడానికి టిష్యూ కాగితమే వాడు, పాత కాటన్ గుడ్డ వద్దు. ఆ జిగురు నూలుకి తగిలితే వేడెక్కి పొగ వస్తుంది, పైగా గుడ్డ మిషన్‌కి చిక్కితే వేలునీ లాక్కుపోతుంది. టిష్యూ అయితే చిరిగిపోతుంది. కిటికీలు తెరిచి ఉంచు, ఆ ఆవిరి కళ్లు మండిస్తుంది. ఆ తర్వాత మైక్రోమెష్ (చాలా సన్నటి గరుకు పట్టీలు) 1500 నుంచి 12000 వరకు తడిపి రుద్దు. తడి తగిలేముందు రెండు చివర్లకీ జిగురు పూత పడిందో లేదో చూసుకో, లేకపోతే ఉబ్బుతుంది. కొమ్ముకి జిగురు పూత అక్కర్లేదు, 600 దాటాక పాలిష్ మైనం పెట్టి గుడ్డ చక్రం మీద మెరిపిస్తే చాలు.

బిగించేటప్పుడు వైస్ దవడలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టు, నిటారుగా, మెల్లగా నొక్కు. రైఫిల్ ఆకారం క్లిప్పు, బోల్ట్ గాడి ఒకే వరసలో ఉన్నాయో లేదో నొక్కేముందే చూసుకో, తర్వాత తిప్పడం కుదరదు. రీఫిల్ పార్కర్ సైజు, ఎక్కడైనా దొరుకుతుంది. అన్నయ్యకి పంపేముందు ఒక పెన్నుతో వారం రోజులు నువ్వే రాయి, బోల్ట్ రోజూ వందసార్లు కొట్టు. వదులైతే అప్పుడే తెలుస్తుంది.

రాణిగంజ్‌కి నువ్వు ఒక్కదానివే వెళ్లకు, చవక బిట్లు అంటగడతారు. శనివారం నేనూ వస్తా. వచ్చేటప్పుడు కిట్ ట్యూబు ఒకటి, వెర్నియర్ తీసుకురా. నా వెర్నియర్ మీ అత్త ఎక్కడ పెట్టిందో దొరకట్లేదు.

మీ మామయ్య