‘జబ్బులు లేవు’ అని రాసిన ట్రావెల్ పాలసీ పనికొస్తుందా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. విదేశంలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు నేను, నా భార్య వచ్చే నెల వెళ్తున్నాం. మూడు నెలలు ఉంటాం. టికెట్లు తీసిన ఏజెంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా చేయించాడు. నా పాలసీలో ‘ముందు నుంచి ఉన్న జబ్బులు: లేవు’ అని ఉంది. నాకు షుగర్, బీపీ ఉన్నాయి, మాత్రలు వాడుతున్నాను. అడిగితే ‘ఉన్నాయని రాస్తే ప్రీమియం పెరుగుతుంది సార్, అందరికీ ఇలాగే రాస్తాం, ఏం కాదు’ అంటున్నాడు. నేను ఓటీపీ చెప్పాను తప్ప ఎక్కడా సంతకం పెట్టలేదు. రేపు అక్కడ ఆస్పత్రి పాలైతే క్లెయిమ్ వస్తుందా? తప్పు ఏజెంట్‌ది కదా?

జవాబు: మీరింకా విమానం ఎక్కలేదు కాబట్టి దీన్ని సరిచేసుకునే వీలుంది. ఎక్కాక అడిగి ఉంటే ఇంత ధైర్యంగా చెప్పగలిగేవాణ్ని కాదు.

ముందు మీ చివరి ప్రశ్న. తప్పు ఏజెంట్‌దే కావచ్చు, నష్టపోయేది మాత్రం మీరు. ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం పెట్టే దరఖాస్తు, ఎవరు నింపినా అందులోని జవాబులు మీవేనని కంపెనీ అంటుంది. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టాం, మిగతాది ఏజెంట్ నింపుకున్నాడు అన్న వాదనను 2019లో ఒక జీవిత బీమా కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మీరు చెప్పిన ఓటీపీని కంపెనీ మీ సంతకం కిందే చూపిస్తుంది. ఏజెంట్ మీద ఫిర్యాదు చేయవచ్చు, చేయాలి కూడా. కానీ పరాయి దేశంలో ఆస్పత్రి బిల్లు కట్టడానికి ఆ ఫిర్యాదు పనికిరాదు.

సూటిగా అడిగిన ప్రశ్నకు తప్పు జవాబు ఇస్తే పాలసీనే కాదనే అవకాశం కంపెనీకి దొరుకుతుంది. అప్పుడు షుగర్‌కు సంబంధించిన క్లెయిమే ఆగుతుందని అనుకోకండి. మెట్ల మీద జారి కాలు విరిగినా ఆ ‘లేవు’ అన్న మాటను అడ్డం పెట్టవచ్చు. ఆ వాదన చివరిదాకా నిలుస్తుందా లేదా అన్నది వేరే సంగతి. దాని మీద పోరాడాల్సింది మీరు.

నిజం చెబితే ఏం లాభమో ఒక కేసు చెబుతాను. 2009లో ఒకాయన విదేశీ ప్రయాణ పాలసీ తీసుకుని పెళ్లికని అమెరికా బయలుదేరారు. తనకు షుగర్ ఉందని ముందే చెప్పారు, కంపెనీ కోరిన వైద్య పరీక్షలూ చేయించుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే నీరసం, చెమటలు. చివరికి గుండెకు స్టెంట్లు వేయాల్సి వచ్చింది. కొలెస్ట్రాల్ సంగతి, దానికి వాడే మాత్రల సంగతి దాచారంటూ కంపెనీ క్లెయిమ్ ఇవ్వలేదు. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఆయన ఓడిపోయారు. సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఆరోగ్య పరిస్థితి తెలిసి, అంచనా వేసుకుని పాలసీ ఇచ్చాక, చెప్పిన ఆ జబ్బునే సాకుగా చూపడం కుదరదంది. ఆ కేసు ఆయన షుగర్ ఉందని చెప్పడం మీద నిలబడింది. అయినా పన్నెండేళ్లు పట్టింది. ‘లేవు’ అని రాసి ఉన్నవారు అంతదూరం వెళ్లి ఏం చూపిస్తారో ఆలోచించండి.

కాబట్టి ఈ రోజే బీమా కంపెనీకి, ఏజెంట్‌కు కాదు, కంపెనీకే ఈమెయిల్ పంపండి. ఇలా రాస్తే చాలు: ‘ఫలానా నంబరు పాలసీలో నాకు ముందు నుంచి ఉన్న జబ్బులు లేవని నమోదైంది. అది సరికాదు. నాకు ఇన్నేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. వాడుతున్న మందుల చీటీ జతచేశాను. రికార్డు సరిచేసి, షరతులు మారితే, అదనపు ప్రీమియం ఉంటే తెలియజేస్తూ సవరించిన పాలసీ పంపగలరు.’ చీటీలో ఉన్న ప్రతి మాత్ర పేరూ రాయండి, కొలెస్ట్రాల్ మాత్ర ఉంటే అదీ. ఫోన్లో ‘నోట్ చేసుకున్నాం సార్’ అంటే సరిపోదు, సవరణ పత్రం చేతికి రావాలి. వాళ్లు కుదరదంటే రద్దు చేసుకుని ఇంకో కంపెనీలో నిజం చెప్పి తీసుకోండి. ప్రయాణం మొదలుకాకముందైతే కొంత చార్జీ పట్టుకుని మిగతా ప్రీమియం తిరిగిచ్చే కంపెనీలే ఎక్కువ.

ఇక్కడ ఒక అపోహ ఉంది. జబ్బు ఉందని చెప్పినంత మాత్రాన దానివల్ల వచ్చే ఖర్చంతా ఇస్తారని కాదు. ముందు నుంచి ఉన్న జబ్బులను పూర్తిగా మినహాయించే పాలసీలు ఉన్నాయి. ప్రాణం మీదకు వస్తే మాత్రం ఒక పరిమితి వరకు ఇచ్చేవి ఉన్నాయి. ఇంకొంచెం ఎక్కువ ప్రీమియానికి కవర్ చేసేవీ ఉన్నాయి. మీరు డబ్బు పెట్టాల్సింది అక్కడే. బ్యాగు ఆలస్యమైతే ఇంత ఇస్తాం అనే ఆకర్షణల దగ్గర కాదు.

అరవై దాటినవారు ఇంకోటి చూడాలి. మొదటి పేజీలో పెద్ద మొత్తం కనిపిస్తుంది. లోపలి పట్టికలో ఆస్పత్రి గదికి రోజుకు ఇంత, ఐసీయూకు ఇంత, సర్జన్ ఫీజుకు ఇంత అని సబ్ లిమిట్లు ఉంటాయి. బిల్లు ఎంతైనా ఆ గీత దాటి రాదు. చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల కవరేజీ అడుగుతారు. అది వీసా నిబంధన. అమెరికా లాంటి చోట ఆస్పత్రి ఖర్చుకు దాన్ని కొలమానంగా తీసుకోకండి.

ఏజెంట్ ఇచ్చే ఒక పేజీ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా షరతుల పత్రం మొత్తం అడిగి తీసుకోండి. పాలసీదారుకు ఇవ్వని మినహాయింపు షరతును చూపి క్లెయిమ్ కాదనడం చెల్లదని 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఈమెయిల్లో లింకు పంపామని కంపెనీ అంటే, షరతు మాకు ఇవ్వలేదని మీరు అంత తేలిగ్గా తప్పించుకోలేరు.

అక్కడ ఆస్పత్రిలో చేరాల్సి వస్తే మొదటి ఫోన్ పాలసీ మీదున్న హెల్ప్‌లైన్‌కు వెళ్లాలి. ఆ నంబరు, పాలసీ కాపీ మీ అమ్మాయి ఫోన్లో ఉండాలి. పడిపోయిన మనిషి తన ఫోన్ తెరవలేడు. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్ తోసేయొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే సర్క్యులర్ ఇచ్చింది. అది తర్వాత వాదించుకోవడానికి ఉపయోగపడుతుంది కానీ, క్యాష్‌లెస్, అంటే కంపెనీయే ఆస్పత్రికి నేరుగా బిల్లు కట్టడం, మాత్రం ఫోన్ చేస్తేనే.

నా అనుభవంలో క్లెయిమ్ ఎక్కువగా చిక్కుకునేది ఆస్పత్రి కాగితాల్లో ‘హిస్టరీ’ (జబ్బు పూర్వాపరాలు) అని రాసే ఒక్క వాక్యం దగ్గర. కంగారులో ఉన్న ఇంట్లోవాళ్లు ‘గుండె నొప్పి ఎప్పటినుంచో ఉంది’ అంటారు, నాలుగు రోజుల గ్యాస్ నొప్పి సంగతి చెప్పబోయి. డాక్టర్ విన్నది విన్నట్టు రాస్తాడు. కంపెనీ మొదట చదివేది అదే. నిజమే చెప్పండి, కానీ ఏ జబ్బు, ఎన్నాళ్లనుంచి, ఏ మాత్ర అన్నది కాగితం మీద రాసుకుని అదే చూపించండి. డిశ్చార్జ్ సమ్మరీ తీసుకునేటప్పుడు చదివి, తప్పుంటే అక్కడే దిద్దించండి. వివరమైన బిల్లులు, రసీదులు, బోర్డింగ్ పాస్‌లు, పాస్‌పోర్టు మీది ముద్రల కాపీలు దాచుకోండి.

సామాను సంగతి క్లుప్తంగా: బ్యాగు రాకపోయినా, పగిలినా విమానాశ్రయం దాటకముందే ఎయిర్‌లైన్ దగ్గర రిపోర్టు రాయించుకోండి. మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో, పాడైన సామానుకు 7 రోజుల్లో, ఆలస్యంగా అందిన సామానుకు 21 రోజుల్లో ఎయిర్‌లైన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. రూ. 50 లక్షల దాకా అక్కడ తేలుస్తారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, నాలాంటివాళ్లకు నష్టమే అనుకోండి. ఆ ఆదేశానికి కంపెనీ కట్టుబడాలి. నచ్చకపోతే మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. కమిషన్‌లో కేసు నడుస్తుండగా అదే విషయం మీద అంబుడ్స్‌మన్ తలుపు తట్టలేరు కాబట్టి వరస తప్పకండి.

మీ భార్య పాలసీ గురించి మీరేమీ రాయలేదు. అదే ఏజెంట్ కాబట్టి ఆమెకూ ‘లేవు’ అనే కొట్టి ఉంటాడు. ఆమె థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా సరే, ఆమె పాలసీ కూడా ఇవాళే తెరిచి చూసి, విడిగా ఇంకో ఈమెయిల్ పంపండి.