రోమ్‌లో ఎక్కడ చూసినా మూడు తేనెటీగలు చెక్కి ఉంటాయేంటి? ఒక పోప్ కుటుంబానికి అంత ఆస్తి ఎలా వచ్చింది?

అది బార్బెరీని కుటుంబం ముద్ర అండి. నేను రోమ్‌లో మాస్టర్స్ చేసేటప్పుడు క్లాసుకెళ్లే దారిలో బార్బెరీని స్టేషన్‌లోనే మెట్రో దిగేవాణ్ణి, బయటికొస్తే ఎదురుగా బెర్నీని చెక్కిన ట్రైటన్ ఫౌంటెన్, దాని మీదా ఇవే ఈగలు, అలా ఈ కుటుంబం గురించి చదవడం మొదలైంది.

నిజానికి వీళ్లది రోమ్ కాదు. టస్కనీలో బార్బెరీనో అనే ఊరు, అక్కడి నుంచి ఫ్లోరెన్స్ వచ్చి ఉన్ని, బట్టల వ్యాపారం చేశారు. మొదట్లో వాళ్ల ముద్రలో ఉన్నవి తేనెటీగలు కాదు, జోరీగలు అంటారు, డబ్బొచ్చాక తేనెటీగలయ్యాయట! మఫెయో అనే కుర్రాడికి చిన్నప్పుడే తండ్రి పోతే రోమ్‌లో చర్చి కొలువులో ఉన్న తండ్రి తోడబుట్టినవాడు చేరదీసి చదివించి ఆస్తి కూడా రాసిచ్చాడు. ఆ మఫెయోనే 1623లో ఎనిమిదవ అర్బన్ పేరుతో పోప్ అయ్యాడు.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే, రాజు పోతే కొడుకు కూర్చుంటాడు, పోప్ పోతే కార్డినల్స్, అంటే చర్చి పెద్దలు, ఇంకెవర్నో ఎన్నుకుంటారు, ఆ వచ్చేవాడు మన శత్రువు కూడా కావచ్చు. అందుకని దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఈయన ఇద్దరు అన్న కొడుకుల్నీ, ఒక తమ్ముణ్ణీ కార్డినల్స్ చేసేశాడు, మిగిలిన అన్న కొడుకు తద్దేయోకి పాత రోమన్ వంశమైన కొలొన్నా వాళ్ల పిల్లనిచ్చి చేసి, ఆ కొలొన్నాల దగ్గరే పాలెస్త్రీనా ఊరు కొని ప్రిన్స్‌ని చేశాడు. చర్చి పదవుల ఆదాయం మొత్తం ఇంట్లోకే అన్నమాట. తమ్ముడు మాత్రం కపుచిన్ సన్యాసి, అదో రకం మనిషి, సమాధి మీద పేరు కూడా లేకుండా 'ఇక్కడున్నది దుమ్ము, బూడిద, ఇంకేం లేదు' అని రాయించుకున్నాడు, ఆ చర్చి స్టేషన్‌కి దగ్గర్లోనే.

వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్‌లో ఆల్టర్ (పూజాపీఠం) మీద ఉండే పెద్ద కంచు మండపం కూడా ఈయన కట్టించిందే. అందరూ తలెత్తి పైకే చూస్తారు, మీరు వెళ్తే కింద పాలరాతి దిమ్మెలు చూడండి, వాటి మీద మూడు ఈగల డాలు ఎనిమిది సార్లు ఉంటుంది, ప్రతి డాలు పైనా ఒక ఆడమనిషి మొహం, వరసగా చూస్తూ తిరిగితే పురిటినొప్పులు పెరుగుతున్నట్టు మారుతూ వచ్చి చివరిదాంట్లో నవ్వుతున్న పసిపిల్ల మొహం వస్తుంది. ఇదే పోప్ పాత రోమన్ గుడి పాంథియన్ ముందు వసారాలోంచి పాత కంచు పీకించి ఎక్కువ భాగం ఫిరంగులు పోయించాడు, బార్బేరియన్లు (అనాగరికులు) చేయనిది బార్బెరీనిలు చేశారని ఊరంతా నవ్వుకుంది. గెలీలియోని పొగుడుతూ పద్యం రాసినవాడూ ఈయనే, 1633లో విచారణ జరిపించిందీ ఈయన హయాంలోనే, అయితే తీర్పు మీద అన్న కొడుకు ఫ్రాన్సెస్కో సంతకం లేదు.

చివర్లో పార్మా డ్యూక్ ఫర్నేజేతో కాస్త్రో అనే ఊరి కోసం యుద్ధం పెట్టుకుని, పన్నులు పెంచి, ఖజానా ఖాళీ చేసి జనం చేత తిట్లు తిన్నారు. 1644లో తేనెటీగల ఫౌంటెన్ కట్టి, పోప్ పాలన 22వ ఏడాది అని ముందే చెక్కేశారు, ఆ ఏడాది ఇంకా రాలేదుగా అని జనం వెక్కిరిస్తే XXII అన్న రోమన్ అంకెలోంచి ఒక గీత చెరిపేయించారు, తీరా చూస్తే 22వ ఏడాది మొదలవడానికి వారం పైచిలుకు ముందే జులై 29న ఆయన పోయాడు.

తర్వాత వచ్చిన పాంఫీలీ కుటుంబపు పోప్, పదవ ఇన్నొసెంట్, లెక్కలు తియ్యమనేసరికి ఆ ముగ్గురు అన్న కొడుకులూ ఫ్రాన్స్‌కి పారిపోయి అక్కడి ముఖ్యమంత్రి (చీఫ్ మినిస్టర్) మజరీన్ అండ పట్టుకున్నారు, తద్దేయో 1647లో పారిస్‌లోనే పోయాడు. అంత గొడవ ఎలా తీరిందనుకున్నారు? పెళ్లితో! 1653లో తద్దేయో కొడుక్కి పాంఫీలీల మనవరాలు, పట్టుమని పన్నెండేళ్ల పిల్లని, కట్టబెట్టారు. ఆస్తులు చాలావరకు వెనక్కొచ్చాయి.

1738లో మగ సంతానం ఆగిపోయి పేరు కూతురి వైపు నుంచి నడిచింది, తర్వాత ఒక్కోటీ అమ్ముకున్నారు, లైబ్రరీని 1902లో వాటికనే కొంది, రోమ్‌లోని వీళ్ల ప్యాలెస్‌ని 1949లో ఇటలీ ప్రభుత్వం కొంది. ఇప్పుడది మ్యూజియం, రాఫెల్ గీసిన ఫోర్నరీనా, కరవాజో గీసిన జూడిత్ అక్కడే ఉన్నాయి. వెళ్తే రెండు మెట్ల దారులూ చూడండి, చతురస్రం బెర్నీనిది, కోడిగుడ్డు ఆకారంలో చుట్టలు తిరిగేది బొరొమీనీది. నా ఓటు రెండోదానికే.