లక్నవరంలో బాస్ దొరకదు, కొర్రమట్టకు వెళ్లండి

నమస్తే అన్నా. మిత్రులతో ములుగు జిల్లా లక్నవరం చెరువు దగ్గర ఒక రాత్రి ఉండి, గైడ్‌ను పెట్టుకుని బాస్ చేప పట్టాలి, ఎవరిని అడగాలి అన్నారు. ముందు అసలు సంగతి: వీడియోల్లో చూసే ఆ లార్జ్‌మౌత్ బాస్ అమెరికా చేప, మన ఓరుగల్లు చెరువుల్లో ఉండదు. దాని కోసం కొన్న సామాను మాత్రం వృథా కాదు. అదే రాడ్డు, అదే రబ్బరు కప్ప ఎరతో కొర్రమట్టకు (కొర్రమీనుకు) వెళ్లండి. మన తెలంగాణ రాష్ట్ర చేప అదే. నన్నడిగితే, గుంజుడులో బాస్‌కు ఏం తీసిపోదు.

ఇది పైకొచ్చి గాలి పీల్చే చేప. తామరాకుల మధ్య గుబుక్కుమని బుడగ లేచిందంటే, దానికి కాస్త అవతల కప్పను వేసి ఆగి ఆగి లాగండి. నీళ్లు ఎగిరిపడగానే తొందరపడి గుంజొద్దు. దారం బరువెక్కాక ఒక్క ఊపున లాగాలి. పళ్లు పదును, గాలం తీయడానికి పటకారు పెట్టుకోండి. ఎర్రటి పిల్లలు గుంపుగా తేలుతున్న చోట మాత్రం వేయకండి, కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి.

గైడ్ కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. చెరువు చేపల మీద హక్కు సాధారణంగా స్థానిక మత్స్య సహకార సంఘానిదే. వాళ్ల అనుమతి తీసుకుని, వాళ్లలోనే ఒకరికి కూలి మాట్లాడుకోండి. లక్నవరంలో కాదంటే గోవిందరావుపేట చుట్టుపక్కల ఊరి చెరువు అడగండి. పాకాల వైపు పోవద్దు, అది అభయారణ్యం.

బసకు టెన్షన్ లేదు, టూరిజం వాళ్ల హరిత కాటేజీలున్నాయి. సంఘం సరే అన్నాకే రూమ్ బుక్ చేయండి.